అవతలి గది మాట

కిందటి వారం మనం తలుపుల మేడమ్‌ని ఒకటో గది ముందు, పిడి మీద చెయ్యి పెట్టించి నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా ఆవిడ అలాగే నిలబడి ఉంది. తలుపు తెరిపించే ముందు, కథలోకి ఇప్పుడే అడుగుపెట్టినవాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పుకుందాం. మొదటి నుంచీ చదువుతున్నవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

ఈవిడ మానవ హక్కుల, సమానత్వ కమిషన్‌లో రాజీ అధికారి. పుట్టుక చూసో, జబ్బు చూసో, ఒంటి తీరు చూసో తమని పక్కకి నెట్టేశారని ఎవరైనా ఫిర్యాదు పెడితే, అది విచారణ దాకా వెళ్ళకముందే రెండు పక్షాలనీ పిలిచి, చెరో గదిలో కూర్చోబెట్టి, మధ్యలో వరండా వెంట తిరగడం ఆవిడ పని. రోజంతా తలుపులు తట్టడమే కాబట్టి ఆఫీసులో ఆ పేరు స్థిరపడిపోయింది. ఆ పనికి ఒక నియమం ఉంది. ఒక గదిలో విన్నది, చెప్పినవాళ్ళు ఒప్పుకుంటే తప్ప, రెండో గదిలోకి పోకూడదు. ఎవరెంత గుచ్చి అడిగినా ఇవ్వాల్సిన జవాబు ఒకటే: ఆ గది మాట ఆ గదిలోనే ఉంటుంది. అవును అనకూడదు, కాదు అని కూడా అనకూడదు. ఆవిడకి పని నేర్పిన పెద్దాయన మరీ మరీ హెచ్చరించింది ఈ రెండోదాని గురించే. అవును అని నోరు జారేవాళ్ళు తక్కువ, జాలిపడి కాదు అనేవాళ్ళే ఎక్కువ అనేవాడు ఆయన.

ఒకటో గదిలో ఉన్న అమ్మాయిని వాళ్ళక్క చిన్నీ అని పిలుస్తుంది, మనమూ అలాగే అందాం. అంబులెన్సుల కాల్ రూమ్‌లో ఫోన్లు ఎత్తే ఉద్యోగం ఆమెది. చిన్నప్పటి నుంచీ మూర్ఛ ఉంది. మందులతో అదుపులో ఉంది, డ్యూటీలో ఏనాడూ రాలేదు. ఆ సంగతి కంపెనీకి ఎలాగో తెలిసింది. మర్నాడే ఆమె హెడ్‌ఫోన్ లాక్కుని ఇంటికి పంపేశారు. ఎలా తెలిసిందయ్యా అంటే, ఎవరో పేరు చెప్పని మనిషి ఫోన్ చేశారు, ఆకాశరామన్న కబురు అని కంపెనీ కమిషన్‌కి జవాబు రాసిచ్చింది. ఆ ఆకాశరామన్న తన పక్క సీటు స్నేహితురాలేనని చిన్ని నిశ్చయించుకుంది. విచిత్రం ఏమిటంటే, చిన్ని తరఫున సాక్ష్యం చెప్తానని ముందుకొచ్చింది కూడా ఆ స్నేహితురాలు ఒక్కతే. ఆమె పొద్దుట నుంచీ కింద అంతస్తులో బెంచీ మీద కూర్చుని ఉంది. చిన్ని ఆమె ముందు నుంచే మొహం తిప్పుకుని మెట్లెక్కి వచ్చింది.

ఇక కిందటి వారం చివర్న రెండో గదిలో జరిగింది ఇది. కంపెనీ లాయరు ఫోన్ మాట్లాడడానికి బయటికి వెళ్ళాడు. ఆ సందు చూసుకుని మేనేజర్ మన అధికారి వైపు వంగి, పేరు తెలియదన్నది కాగితం కోసమేనని, ఆ ఫోన్ చేసింది చిన్ని అక్కేనని, ఇప్పుడు ఆమె పక్క కుర్చీలో కూర్చున్నావిడేనని చెప్పేశాడు. ఈ ముక్క మాత్రం అవతల అనకండి మేడమ్, అక్కాచెల్లెళ్ళ మధ్య మనమెందుకు చిచ్చు పెట్టడం అని కూడా అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో ఎంత దయ ఉందో.

సరే, తలుపు తెరుద్దాం.

ఏ గదిలోంచి ఏ గదిలోకి వెళ్ళినా మధ్యలో వరండాలో ఉన్న కుళాయి దగ్గర ఆగి, అరగ్లాసు నీళ్ళు తాగడం ఆవిడ అలవాటు. ఆ గదిలో విన్నదంతా అక్కడే మింగేసి వెళ్తున్నట్టు లెక్క. ఈసారి నిండు గ్లాసు తాగింది. అయినా మేనేజర్ మాట గొంతు దిగలేదు.

గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు. ఫ్యాన్ టకటకలాడుతోంది. అక్క ఒళ్ళో పెద్ద సంచి పెట్టుకుని కూర్చుంది. ఆవిడ బట్టలు కుట్టి బతికే మనిషి, వేళ్ళకి పని లేకపోతే ఉండలేదు. చెల్లెలి చొక్కా చేతికి ఊడిన దారం ఒకటి దొరికితే దాన్ని పంటితో కొరికి ముడి వేస్తోంది. అధికారి ఆవిడ వైపు చూడకూడదనుకుంది. అనుకున్న మరుక్షణం చూసింది.

కంపెనీ ఇస్తానన్నది ఒక్కొక్కటీ చెప్పింది. ఉద్యోగం మళ్ళీ ఇస్తారు. చేసింది తప్పని రాసిస్తారు. ఇకనుంచి చిన్ని ఎత్తే ప్రతి కాల్‌నీ పక్క సీటు మనిషి రెండో హెడ్‌ఫోన్‌తో వింటూ ఉంటుంది, చిన్ని గొంతు ఆగితే వెంటనే తను అందుకుంటుంది. దీనికంతటికీ ఒకే షరతు. జబ్బు సంగతి కంపెనీకి ఎవరి ద్వారా తెలిసిందన్నది ఇప్పుడు గానీ ఇకమీద గానీ ఎవరూ అడగకూడదు, ఎక్కడా మాట్లాడకూడదు. సాయంత్రం మేనేజర్ ఈ భవనం దాటే లోపల సంతకం కావాలి. దాటితే విచారణే.

అక్క మొహం వెలిగింది. ఇంకేం కావాలి, దేవుడిచ్చినట్టు ఇస్తున్నారు, పెట్టెయ్యి సంతకం అంది. ఆ గొంతులో సంతోషం ఎంతుందో భయమూ అంతే ఉంది. భయం సంగతి అధికారికి ఒక్కదానికే వినిపించింది.

చిన్ని కలం ముట్టుకోలేదు. "పక్క సీటు మనిషి అంటే ఆమే కదా మేడమ్" అంది.

అధికారి తలూపింది.

"నాకు మాట పడిపోతే అందుకోవాల్సిన మనిషి. ఆ మనిషే నా వెనకాల ఫోన్ చేసిందనుకోండి, ఆమె వింటోందని తెలిసీ నేను నోరెలా విప్పను? అవతల ఒకావిడ ఊపిరాడక కొట్టుకుంటుంటే నేను పక్కకి చూసుకుంటూ కూర్చోవాలా? పేరు తెలియకుండా నేను ఆ కుర్చీలో కూర్చోలేను. పగ తీర్చుకోవడానికి కాదు మేడమ్, పని చెయ్యడానికే అడుగుతున్నాను."

పొద్దుట నుంచీ ఇది పంతం అనుకుంటూ వచ్చింది అధికారి. కాదని ఇప్పుడు అర్థమైంది. ఉద్యోగం ఇస్తూనే ఆ ఉద్యోగం చెయ్యడానికి కావలసిన ధైర్యాన్ని లాక్కుంటున్నారు అవతల. కానీ ఏం చెయ్యగలదు? తన జవాబు తను ఇచ్చింది. ఆ గది మాట ఆ గదిలోనే ఉంటుందమ్మా అంది.

చిన్ని ఆవిడ మొహంలోకి చూసింది. తర్వాత ఆమె గొంతు మారింది. మెల్లగా, సమంగా, తొందర లేకుండా మాట్లాడుతోంది. ఇన్నాళ్ళుగా ఫోన్‌లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నవాళ్ళతో మాట్లాడిన గొంతు అది.

"మా దగ్గరికి ఒక్కోసారి మాట్లాడలేనివాళ్ళు ఫోన్ చేస్తారు మేడమ్. కొట్టినవాడు పక్కనే నిలబడి ఉంటాడు. అప్పుడు ఏమైందని మేం అడగం. మేమే ఒక్కొక్కటీ అడుగుతూ పోతాం. తప్పయితే తప్పంటారు, నిజమైతే ఊరుకుంటారు. మీరూ అలాంటి కాల్‌లోనే ఉన్నారనిపిస్తోంది నాకు."

అధికారి నవ్వడానికి ప్రయత్నించింది. అది తను ఒప్పుకోకూడని ఆట అని చెప్పింది. చిన్ని అదేమీ విననట్టే, కంపెనీకి ఎవరు చెప్పారో మీకు తెలుసా అని అడిగింది. ఆ గది మాట ఆ గదిలోనే అంది అధికారి. మా కాల్ రూమ్ మనిషేనా అంది చిన్ని. మళ్ళీ అదే జవాబు. ఫ్యాన్ టకటకలాడుతోంది. అక్క చేతిలో దారం ముడి పడి, ఊడి, మళ్ళీ పడుతోంది.

"కింద బెంచీ మీద కూర్చుంది కదా మేడమ్, ఆమేనా?"

ఇక్కడ మన తలుపుల మేడమ్ గురించి ఒక సంగతి చెప్పాలి. మధ్యాహ్నం ఆవిడ కిందికి దిగినప్పుడు ఆ స్నేహితురాలు బెంచీ మీంచి లేచి నిలబడింది. తన గురించి ఏమీ అడగలేదు. పైన గదిలో ఫ్యాన్ తిరుగుతోందా అని అడిగింది, ఉక్కపోత చిన్నికి పడదని చెప్పింది. తినడానికి ఏమైనా తెప్పించనా అంటే, తను తిందా అని మళ్ళీ ఎదురడిగింది. ఆ మనిషి మీద ఈ నింద ఇంకా ఎన్నాళ్ళు? ఒక్క మాటతో పోయేదానికి?

"కాదు" అంది అధికారి. "ఆమె కాదు."

అనేసిన తర్వాత గానీ అన్నట్టు తెలియలేదు. ఇన్నేళ్ళ సర్వీసులో ఏ కంపెనీ లాయరూ లాగలేకపోయిన మాటని జాలి లాగేసింది. అయినా ఏం కొంపలు మునిగాయిలే అని తనకి తనే సర్దిచెప్పుకుంది. ఒక మనిషి కాదన్నానంతే, ఎవరో చెప్పలేదు కదా. ఆఫీసన్నాక పదిమందికి తెలిసి ఉంటుంది.

చిన్ని మొహంలో ముందు ఊరట వచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పిచ్చిది, పొద్దున్న నా వైపు చెయ్యి ఊపింది కూడా అని గొణుక్కుంది. అంతలో ఆ ఊరట అలాగే ఆగిపోయింది. నీళ్ళు నిండిన కళ్ళతోనే ఆమె ఆలోచిస్తోంది.

"మేడమ్, నాకు మూర్ఛ ఉందని తెలిసినవాళ్ళు ఈ లోకంలో ఇద్దరే మిగిలారు. అమ్మ పోయింది. డాక్టరుకి నేనెక్కడ పనిచేస్తానో తెలియదు. ఆఫీసులో చెప్పుకున్నది ఆమె ఒక్కదానికే."

అధికారి రెండోసారి కాదు అనాలంటే అబద్ధం చెప్పాలి. ఊరుకుంటే నిజం చెప్పినట్టే. పెద్దాయన ఎందుకు అంత మొత్తుకున్నాడో ఇప్పుడు తెలిసింది, తెలిసి లాభం లేదు.

"మాత్ర వేళయిందే" అంది అక్క.

ఎవరూ ఆవిడ వైపు తిరగలేదు. ఆవిడే సంచిలోంచి డబ్బా తీసి, మాత్ర ఒకటి అరచేతిలో వేసుకుని, నీళ్ళ సీసా మూత తిప్పింది. తల్లి పోయిన దగ్గర్నుంచీ ఆ చెయ్యే ఆ మాత్ర ఇస్తోంది.

చిన్ని కుర్చీ అక్క వైపు తిప్పుకుంది. గొంతు మాత్రం మార్చలేదు. "అక్కా, నువ్వేం మాట్లాడకు. నేననుకుంటున్నది తప్పయితే ఆ మాత్ర నా చేతిలో పెట్టు. నిజమైతే నీ దగ్గరే ఉంచుకో."

చెయ్యి చాపింది. అక్క ఆ చేతిని చూసింది. మాత్ర అందించబోయినట్టు తన చెయ్యి కొంచెం ముందుకు వచ్చింది కూడా. తర్వాత వేళ్ళు ఒక్కొక్కటే ముడుచుకుని, పిడికిలి బిగిసింది.

అధికారికి లేచి వెళ్ళిపోవాలనిపించింది. చూడకూడనిది చూస్తున్నట్టుంది. కానీ ఈ గదిలో ఇంత పని చేసి, తలుపేసుకుని పోవడానికి కాళ్ళు రాలేదు.

అప్పుడు అక్క నోరు విప్పింది. చెల్లెలు స్నానాల గదిలో పడిన రోజు గురించి చెప్పింది. లోపల గడియ, బయట తను, తలుపు మీద కొట్టీ కొట్టీ చేతులు వాచిపోయాయి, ఆ గడియ విరిగేదాకా చెల్లెలు ఉందో పోయిందో తెలియలేదు. వరసగా రాత్రి డ్యూటీలు చేసిన వారం అది. నిద్ర చాలకపోతేనే వస్తుందని డాక్టరు ఎప్పటి నుంచో చెప్తూనే ఉన్నాడు. ఇద్దరూ ఆ రోజు సంగతి మళ్ళీ ఎత్తుకోలేదు. చెల్లెలు మర్నాడు రాత్రి మళ్ళీ డ్యూటీకి పోయింది. అక్క మేనేజర్‌కి ఫోన్ చేసింది.

"నిన్ను తీసెయ్యమని అనలేదే నేను. రాత్రి డ్యూటీ మానిపించి పగలు వెయ్యండని అడిగాను. అంతే. బతిమాలుకున్నాను. దానికి తెలిస్తే ఊరుకోదు, నా పేరు చెప్పకండి అన్నాను."

"నన్నడగొచ్చుగా అక్కా."

"అడిగితే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకునేదాన్ని కాదు" అంది చిన్ని. "అయినా అడగాలి."

అక్క తల వంచుకుంది. ఏడుపు రాలేదు ఆవిడకి, ఏడవడానికి కూడా హక్కు లేదనుకున్నట్టుంది.

అధికారికి మాత్రం చెవిలో ఒక్క మాటే మోగుతోంది. పగలు. ఆవిడ నెమ్మదిగా అక్కని అడిగింది, మేనేజర్ ఏమన్నాడమ్మా అని. చూస్తామమ్మా, మీరేం కంగారు పడకండి అన్నాడట. డ్యూటీలు మార్చడం మాకు మామూలే అని కూడా అన్నాడట. మర్నాడు చెల్లెలు హెడ్‌ఫోన్ లేకుండా ఇంటికొచ్చింది.

ఇలాంటి ఫిర్యాదుల్లో ముందుగా తేలాల్సింది ఒకటే. మనిషిని తీసెయ్యకముందు, ఆ మనిషిని ఉంచుకోవడానికి ఏదైనా మార్గం చూశారా లేదా? కంపెనీ తన జవాబులో ఆ ప్రశ్నకి చేతులు దులుపుకుంది. ఏం చెయ్యొచ్చో మాకెవరూ చెప్పలేదు, పేరు లేని ఫోన్‌ని నమ్మి భయపడ్డాం అంది. చెప్పిన మనిషి ఇదిగో, ఇక్కడ కూర్చుని ఉంది. మార్గం చూపించింది, బతిమాలింది, సరేననిపించుకుంది కూడా. ఆ షరతు అక్కాచెల్లెళ్ళ కోసం పెట్టింది కాదు. ఆ ఫోన్‌లో మేనేజర్ ఏమన్నాడో ఎవరికీ తెలియకూడదని పెట్టింది. నమ్మి చెప్తున్నట్టు సగం నిజం చెప్పి, అధికారి నోటికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు పెద్దమనిషి. ఆ దయగల మొహం గుర్తొచ్చి అధికారికి ఒళ్ళు మండిపోయింది.

కానీ తను ఎవరి పక్షమూ కాదు. ఇది మీకు బలం అని చెప్పడానికి వీల్లేదు. వీలున్నంత వరకు చెప్పింది. ఇవాళే సంతకం పెట్టాలనేం లేదని, కావాలంటే ఒక లాయరుని అడిగి రావచ్చని, విచారణ అంటే భయపడాల్సిందేమీ లేదని. చెప్పి, చెయ్యకూడని పనులన్నీ ఇవాళే చేస్తున్నానా అని తనని తనే తిట్టుకుంది.

"పగలు వెయ్యమని అడిగింది. అంటే నన్ను ఉంచుకునే దారి ఉందని వాళ్ళకి ముందే తెలుసన్నమాట" అంది చిన్ని. తర్వాత అధికారి వైపు తిరిగి, "మేడమ్, ఇది ఈ గది మాట. మేం ఒప్పుకుంటే అవతలి గదికి వెళ్తుందా?" అని అడిగింది.

వెళ్తుందంది అధికారి.

"మీరు మోసుకెళ్తే, ఇది వీళ్ళ నోట ఎలా వచ్చిందని ముందు మిమ్మల్నే పట్టుకుంటారు."

"పట్టుకోవాలి కూడా. నేను కాదు అనకూడదు, అన్నాను. ఆ సంగతి ఇవాళే మా పైవాళ్ళకి చెప్పేస్తాను. దాన్ని మీరు మనసులో పెట్టుకోకండి."

అలా తేలిగ్గానే అంది గానీ, ఈ వరండా వెంట తను నడిచే రోజులు ఇక ఎన్ని మిగిలాయోనని లోపల లెక్క వేసుకుంటూనే ఉంది. ఈ పని తప్ప ఇంకో పని రాదు తనకి.

అక్క లేచి నిలబడింది. సంచి కుర్చీలో పెట్టింది. "ఆవిడెందుకు మోయాలి. నా మాట నేనే చెప్తాను" అంది.

వాళ్ళు ఒప్పుకుంటేనే ఎదురెదురుగా కూర్చోబెట్టగలనని, ముందు తను వెళ్ళి అడగాలని అధికారి చెప్పింది. అడగండి, నేను గుమ్మం బయట నిలబడతాను అంది అక్క. అని రెండడుగులు వేసింది.

"ఆగు" అంది చిన్ని. చెయ్యి మళ్ళీ చాపింది. "ముందు అది ఇలా ఇవ్వు."

అక్క పిడికిలి విప్పింది. చెమటకి మాత్ర సగం కరిగి అరచేతికి అంటుకుపోయింది. చిన్ని దాన్ని అలాగే ఒలిచి నోట్లో వేసుకుని, నీళ్ళు తాగింది. "ఇంటికెళ్ళాక నీతో వేరే ఉంది నాకు. ఇప్పుడు మాత్రం గట్టిగా మాట్లాడు, నీ గొంతు చివర్న నీరుగారిపోతుంది ఎప్పుడూ."

ముగ్గురూ వరండాలోకి వచ్చారు. చిన్ని మాత్రం రెండో గది వైపు రాలేదు, మెట్ల వైపు తిరిగింది. కింద బెంచీ మీద ఒకామె ఇంకా కూర్చునే ఉంది. అధికారి కుళాయి దగ్గర ఆగలేదు. ఇవాళ మింగడానికి ఏమీ మిగల్లేదు.

రెండో గది తలుపు తట్టి తెరిచింది. లాయరు కాగితాలు సర్దుకుంటున్నాడు. మేనేజర్ వెళ్ళిపోవడానికి సిద్ధమై కోటు తొడుక్కుంటున్నాడు, సంతకం అయిందా మేడమ్ అని చిరునవ్వుతో అడిగాడు. అడుగుతూనే ఆవిడ భుజం మీదుగా వరండాలోకి చూశాడు. కోటు చేతిలో దూరుతున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది.

లాయరు తలెత్తి, గుమ్మం బయట నిలబడ్డ మనిషిని చూశాడు. తన మేనేజర్ మొహం చూశాడు. మళ్ళీ బయటికి చూశాడు.

"ఎవరండీ ఈవిడ?" అని అడిగాడు. అడిగింది అధికారిని కాదు, మేనేజర్‌ని.

జవాబు గుమ్మం బయటి నుంచి వచ్చింది. ఈసారి ఆ గొంతు చివరిదాకా నిలబడింది.

"మీరు రాశారు కదండీ, ఆకాశరామన్న అని. అది నేనే."